మంత్రాలకు చింతకాయలు రాలతాయా? జాతి సమానత్వ పోరాటంలో ఉపన్యాసాలు ఎవరిని మార్చాయి

అమ్మా, మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఇంటర్ చదువుతున్న మీ అమ్మాయి కాలేజీ ఎలొక్యూషన్ పోటీకి "జాతి సమానత్వ పోరాటంలో ఉపన్యాసాల పాత్ర" అనే అంశం తీసుకుంది. మార్టిన్ లూథర్ కింగ్ ఉపన్యాసం వల్లే అమెరికాలో పౌరహక్కుల చట్టం వచ్చిందని రాసుకుంది. అది చదివి మీ తమ్ముడు "మంత్రాలకు చింతకాయలు రాలతాయా? రోడ్ల మీద దెబ్బలు తిన్నవాళ్ళ వల్ల వచ్చింది చట్టం, మైకు వల్ల కాదు" అన్నాడు. ఇద్దరిలో ఎవరు రైటు అని మీరు అడిగారు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. కింగ్ ఉపన్యాసాన్ని పాతిక బ్యాచ్‌లకైనా చెప్పి ఉంటాను. అందులో మొదటి పది బ్యాచ్‌లకి తప్పుగా చెప్పాననే అనుకుంటున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు మీ తమ్ముడి మాట. అందులో సగం నిజం. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం మెట్ల మీద నిలబడి కింగ్ దాదాపు 17 నిమిషాలు మాట్లాడాడు. ఎదురుగా రెండున్నర లక్షల మంది. టీవీలో దేశమంతా చూసింది. సరిగ్గా 18 రోజులకి, సెప్టెంబరు 15 ఆదివారం నాడు, అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఒక చర్చిలో బాంబు పేలి నలుగురు నల్లజాతి ఆడపిల్లలు చనిపోయారు. ఉపన్యాసం అయిన రెండు రోజులకే ఎఫ్.బి.ఐ. పెద్ద అధికారి ఒకాయన, దేశానికి ఇకమీదట అందరికన్నా ప్రమాదకరమైన నల్లవాడు ఇతనేనని లోపలి నోట్ రాశాడు. 1966లో గాలప్ సంస్థ సర్వే చేస్తే 63 శాతం అమెరికన్లు కింగ్ మీద తమకు మంచి అభిప్రాయం లేదన్నారు. ఉపన్యాసమైన మూడేళ్ళకి పరిస్థితి అదీ! ఇప్పుడు ప్రతి స్కూలు గోడ మీదా ఉన్న ఆ వాక్యాలు అప్పట్లో ఎంతమంది మనసు కరిగించాయో ఆ అంకె చెబుతుంది.

ఇక చట్టం. ఆ బిల్లు ఉపన్యాసం నాటికే కాంగ్రెసు ముందు ఉంది. అంతకు ముందు మే నెలలో బర్మింగ్‌హామ్‌లో బడిపిల్లలు ఊరేగింపు తీస్తే పోలీసులు కుక్కల్ని వదిలారు, ఫైరింజన్ గొట్టాలతో నీళ్ళు కొట్టారు. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాకే, జూన్‌లో కెన్నెడీ బిల్లు తెస్తానన్నాడు. నవంబరులో ఆయన హత్య జరిగింది. తర్వాత సెనెట్‌లో దక్షిణాది సభ్యులు వారాల తరబడి మాట్లాడుతూనే ఉండి బిల్లుని ఓటింగుకి రానివ్వలేదు. (ఉపన్యాసాల శక్తి గురించి రాసేటప్పుడు మీ అమ్మాయి ఈ ముక్క మరిచిపోకూడదు. మాటతో చట్టాన్ని ఆపడం కూడా వాళ్ళకు తెలుసు.) 1964 జూన్ 10న 71–29 ఓట్లతో ఆ చర్చకి తెర దించారు. జులై 2న సంతకం అయింది. కాబట్టి "ఉపన్యాసం ఇచ్చాడు, చట్టం వచ్చింది" అన్న వాక్యం కొట్టేయమనండి.

అంతమాత్రాన మీ తమ్ముడు గెలిచినట్టు కాదు. దెబ్బలు తినడానికి జనం ఊరికే రోడ్డెక్కరు. తిన్న దెబ్బకి అర్థం ఏమిటో ఎవరో ఒకరు చెప్పకపోతే అది పోలీసు కేసుగానే మిగిలిపోతుంది. అందుకే నేను ప్రశ్నని కొంచెం జరుపుతాను. ఉపన్యాసం ఒప్పించిందా లేదా అని కాదు, ఎవరిని ఒప్పించింది, దేనికి ఒప్పించింది అని అడగాలి.

ఇక్కడే నా తప్పు సంగతి వస్తుంది. మొదట్లో నేను క్లాసులో "నాకో కల ఉంది" అన్న భాగమే చెప్పేవాణ్ణి. లయ, పునరుక్తి, ఉపమానం అని బోర్డు మీద రాసేవాణ్ణి. ఒక ఏడాది అనువాదం అభ్యాసంగా మొదటి రెండు పేజీలు తెలుగులోకి చేయమన్నాను. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "సార్, ఇక్కడ 'వి' (we) అన్నది మేమా, మనమా?" అన్నాడు. నేను నోరు తెరిచి ఊరుకున్నాను. ఇంగ్లీషులో ఆ తేడా లేదు. మన భాషలో తప్పించుకోలేం. 'మేము' అంటే ఎదుటివాణ్ణి బయట పెట్టినట్టు, 'మనం' అంటే లోపలికి పిలిచినట్టు. ఆ రోజు నుంచి ఈ ఉపన్యాసాలన్నిటినీ ఆ ప్రశ్నతోనే చదువుతున్నాను. ఒప్పించే శక్తి ఎక్కువ భాగం అక్కడే దాగి ఉందని నా అభిప్రాయం.

వాషింగ్టన్ ఉపన్యాసం మొదటి భాగమే చూడండి. దేశ రాజధానికి ఒక చెక్కు మార్చుకోవడానికి వచ్చామంటాడు కింగ్. రాజ్యాంగం, స్వాతంత్ర్య ప్రకటన రాసిన పెద్దలు ప్రతి అమెరికన్ పేరా ఒక ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టారు, నల్లవాళ్ళ దగ్గరికొచ్చేసరికి దేశం ఆ బాకీ ఎగ్గొట్టింది, చెల్లని చెక్కు చేతిలో పెట్టింది, "ఖాతాలో సరిపడా డబ్బు లేదు" అనే ముద్రతో అది వెనక్కి వచ్చింది, అంటాడు. ప్రోనోటు అంటే ఏమిటో మనవాళ్ళకి విడమరిచి చెప్పాలా! ప్రోనోటు చేతిలో ఉన్నవాడు దానం అడగడు. దయ చూపమని బతిమాలడు. "నీ సంతకమేనా కాదా?" అని మాత్రం అడుగుతాడు. కాదనడానికి అవతలివాడికి దారి లేదు, ఎందుకంటే కాదంటే తన తాతల సంతకాన్నే దొంగ సంతకం అనాలి.

ఆ తర్వాతి వాక్యం ఇంకా గట్టిది. న్యాయమనే బ్యాంకు దివాలా తీసిందంటే మేం నమ్మం, అంటాడు. గమనించండి, బ్యాంకుని తగలబెడతామనడం లేదు. బ్యాంకు మంచిదే, ఖాతాలో డబ్బూ ఉంది, ఇచ్చే మనసే లేదు అంటున్నాడు. వినే తెల్లవాడికి ఇది తప్పించుకోలేని ఇరకాటం. ఎదుటివాడికి కొత్త సిద్ధాంతం నేర్పి ఒప్పించడం చాలా కష్టం. వాడు ఇప్పటికే ఒప్పుకున్న మాటని వాడికే చదివి వినిపించడం తేలిక. అసలు పట్టు ఇదే. 'కల' దాని తర్వాత పెట్టిన దీపం.

ఈ పట్టు కింగ్ కనిపెట్టింది కాదు. 111 ఏళ్ళ ముందే ఫ్రెడరిక్ డగ్లస్ చేసి చూపించాడు. బానిసగా పుట్టి, 1838లో పారిపోయి వచ్చి, దేశంలోకెల్లా గొప్ప వక్త అయినవాడు. చిన్నప్పుడు, పన్నెండేళ్ళ వయసులో, 50 సెంట్లు పెట్టి ఒక పాత పుస్తకం కొనుక్కున్నాడు. బడిపిల్లలకు ఉపన్యాసకళ నేర్పే సంకలనం అది, పేరు 'ది కొలంబియన్ ఒరేటర్'. అందులో ఒక యజమానికీ బానిసకీ మధ్య సంభాషణ ఉంటుంది. బానిస ఒక్కొక్క వాదనకీ జవాబు చెప్పి చివరికి యజమాని చేతే తనని విడిపించుకుంటాడు. చదువుకోవడమే నిషేధమైన పిల్లవాడి చేతిలో ఆ పుస్తకం పడింది!

1852లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో, బానిసత్వాన్ని వ్యతిరేకించే మహిళా సంఘం ఆయన్ని స్వాతంత్ర్య దినోత్సవ ఉపన్యాసానికి పిలిచింది. జులై 4న కాక 5న మాట్లాడాడు. సభలో ఐదారు వందల మంది, ఎక్కువమంది తెల్లవాళ్ళు, అదీ తన పక్షం వాళ్ళే. వాళ్ళని "తోటి పౌరులారా" అని పిలుస్తాడు. చాలాసేపు దేశ స్థాపకుల్ని మెచ్చుకుంటాడు. ధైర్యవంతులు, గొప్పవాళ్ళు అంటాడు. కానీ ఎప్పుడూ "మీ తండ్రులు", "మీ స్వాతంత్ర్యం", "మీ పండగ" అనే అంటాడు. జనం తలలూపుతూ వింటున్నప్పుడు ఆ 'మీ' ఒక్కొక్కటీ మేకులా దిగుతూ ఉంటుంది. చివరికి బయటపెడతాడు: ఈ జులై నాలుగు మీది, నాది కాదు. మీరు సంతోషించండి, నేను ఏడవాలి. బానిసకి మీ జులై నాలుగు ఏమిటి? పెళ్ళికి పిలిచి పీటల మీద కూర్చోబెట్టిన పెద్దమనిషి, అక్షింతలు చేతిలో పట్టుకుని, ఈ ఇంట్లో నా బిడ్డని అమ్మేశారని చెప్పినట్టు ఉంటుంది ఆ ఘట్టం.

అయితే అక్కడితో ఆపి వెళ్ళిపోలేదు. ఆ కాలంలో బానిసత్వ వ్యతిరేకుల్లోనే ఒక వర్గం, రాజ్యాంగం బానిసల యజమానులు రాసుకున్న పత్రమని తిట్టేది. డగ్లస్ కూడా ఒకప్పుడు ఆ మాటే అన్నాడు. తర్వాత మనసు మార్చుకున్నాడు. ఈ ఉపన్యాసం చివర్లో ఆ రాజ్యాంగాన్నే స్వేచ్ఛా పత్రం అని ఎత్తి చూపిస్తాడు. పత్రం మంచిదే, అమలు చేసేవాళ్ళే దొంగలు అన్నమాట. ప్రోనోటు వాదనకి విత్తు ఇక్కడ పడింది.

ఈ ఉపన్యాసం వల్ల బానిసత్వం పోలేదు. యుద్ధం వల్ల పోయింది, 1865లో. మీ తమ్ముడికి ఈ పాయింటు కూడా ఇచ్చేస్తున్నాను.

ఇప్పుడు ఆయనకి ఇవ్వలేని పాయింటు. 1955 డిసెంబరు 1న అలబామాలోని మాంట్‌గమరీలో రోసా పార్క్స్ బస్సులో సీటు వదలనందుకు అరెస్టయింది. డిసెంబరు 5 సోమవారం ఒక్కరోజు బస్సులెక్కొద్దని పిలుపు ఇచ్చారు. జనం ఎక్కలేదు. ఆ సాయంత్రం హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్టు చర్చిలో సభ. మర్నాటి నుంచి కొనసాగించాలా, ఇంతటితో పరువుగా ఆపాలా తేల్చుకోవాలి. ఆ మధ్యాహ్నమే బహిష్కరణ నడిపే సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికైన పాస్టరు కింగ్‌కి 26 ఏళ్ళు. ఊరికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఉపన్యాసం సిద్ధం చేసుకోవడానికి 20 నిమిషాలు దొరికాయట. జనాన్ని కదిలించేంత వేడి ఉండాలి, ద్వేషంలోకి జారిపోని చల్లదనమూ ఉండాలి, రెండూ ఒకేసారి ఎలా అని టెన్షన్ పడ్డానని కింగే తర్వాత రాసుకున్నాడు.

చర్చి నిండిపోయి బయట వేలమంది లౌడ్‌స్పీకర్ల దగ్గర నిలబడ్డారు. ఇక్కడ తెల్లవాళ్ళని ఒప్పించే ప్రసక్తి లేదు. విన్నవాళ్ళు వంటమనుషులు, పనిమనుషులు, కూలీలు, టీచర్లు. రేపు పొద్దున నడిచి పనికి వెళ్ళాల్సినవాళ్ళు. "అణచివేత ఇనుప పాదాల కింద నలిగి నలిగి జనం విసిగిపోయే రోజు ఒకటి వస్తుంది" అన్న వాక్యం దగ్గర లేచిన హోరు వింటే, ఆ జనం అప్పటిదాకా ఆ మాట కోసమే ఆగి ఉన్నారనిపిస్తుంది. తర్వాత, మనది తప్పయితే ఈ దేశ సుప్రీంకోర్టుది తప్పు, మనది తప్పయితే రాజ్యాంగానిది తప్పు, మనది తప్పయితే సర్వశక్తిమంతుడైన దేవుడిది తప్పు అని మెట్టు మెట్టుగా ఎక్కుతాడు. ఇక్కడ 'వి'కి 'మనం' తప్ప వేరే మాట లేదు. మళ్ళీ అదే పట్టు, సంతకాలు మీవే అన్న పట్టు. కాకపోతే ఈసారి అది బాకీ వసూలుకి కాదు, మనకి రావాల్సిన బాకీ ఉందని తనవాళ్ళకే నమ్మకం కలిగించడానికి. నల్లవాళ్ళ చర్చిల్లో పాస్టరు ఒక ముక్క అంటే జనం "అవును", "చెప్పు" అంటూ అందుకుంటారు. బుర్రకథలో కథకుడికి వంతలు ఎలాగో అలాగ. వంత పాడినవాడు ఆ కథలో భాగం అయిపోతాడు, ఇక ఇంటికెళ్ళి "నాకేం సంబంధం" అనలేడు.

ఆ బహిష్కరణ 381 రోజులు నడిచింది. చివరికి గెలిపించింది సుప్రీంకోర్టు తీర్పు. కానీ 381 రోజులు కాళ్ళు నడిచింది ఎవరి మాట మీద? ఒక్కరోజు పిలుపుని ఏడాది పోరాటంగా మార్చిన సాయంత్రం అది. (ఆ సభలో రోసా పార్క్స్ ఉంది. నేనూ ఏమైనా మాట్లాడాలా అని అడిగితే, నువ్వు పడాల్సింది పడ్డావు, చెప్పాల్సింది చెప్పేశావు, చాల్లే అన్నారట. ఎనిమిదేళ్ళ తర్వాత వాషింగ్టన్‌లోనూ ప్రధాన ఉపన్యాసం ఒక్క మహిళకీ ఇవ్వలేదు. ఈ ఉద్యమానికి అదొక మచ్చ. మీ అమ్మాయి వేదిక మీద ఈ మాట అంటే నేనైతే మార్కులు వేస్తాను.)

వాషింగ్టన్‌లో 'కల' సంగతి కూడా ఒక్క ముక్క. అది రాసుకొచ్చిన ప్రతిలో లేదు. ఆ మాట అరిగిపోయింది, వాడొద్దని ముందురోజు రాత్రి సలహాదారు ఒకాయన చెప్పాడు కూడా. అప్పటికి రెండు నెలల ముందే డెట్రాయిట్‌లో వాడి ఉన్నాడు మరి. కాగితం చూసి చదువుతుండగా, దగ్గర్లో కూర్చున్న గాయని మహేలియా జాక్సన్ "ఆ కల గురించి చెప్పు, మార్టిన్" అని కేక వేసింది. అక్కడి నుంచి కాగితం పక్కకి పోయింది, చర్చి గొంతు వచ్చింది. వంత పాడేవాళ్ళు కథకుడికి దారి చూపించిన సందర్భం.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువగా వినమని చెప్పే ఉపన్యాసం. నిజానికి అది ఉపన్యాసం కాదు, వాంగ్మూలం. 1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ మహాసభ కమిటీ ముందు ఫ్యానీ లూ హేమర్ అనే ఆమె ఎనిమిది నిమిషాలు మాట్లాడింది. మిసిసిపీ రాష్ట్రంలో పత్తి చేలల్లో పాలుకి పనిచేసే కుటుంబం, ఇరవై మంది సంతానంలో ఆఖరిది. మిసిసిపీ నుంచి తెల్లవాళ్ళతోనే నిండిన ప్రతినిధి బృందం వచ్చింది. నల్లవాళ్ళని ఓటరు లిస్టులోకే రానివ్వని వాళ్ళు మా రాష్ట్రానికి ఎలా ప్రతినిధులవుతారని అడగడానికి హేమర్, ఆమె సహచరులు బస్సుల్లో వచ్చారు.

ఆమె మొదలుపెట్టిన తీరు చూడండి. నా పేరు మిసెస్ ఫ్యానీ లూ హేమర్, అని చెప్పి తన చిరునామా, తన జిల్లా, ఆ జిల్లాకి చెందిన సెనెటర్ పేరు కూడా చెబుతుంది. 'మిసెస్' అనడం మామూలు మాట కాదు. దక్షిణాదిలో నల్లజాతి ఆడవాళ్ళని ఎంత పెద్దవాళ్ళయినా ఉత్త పేరు పెట్టే పిలిచేవారు. అదే ఏడాది అమెరికా సుప్రీంకోర్టు ఒక కేసు తేల్చాల్సి వచ్చింది: అలబామా కోర్టులో మేరీ హామిల్టన్ అనే నల్లజాతి యువతి, ప్రాసిక్యూటరు తనని 'మిస్ హామిల్టన్' అనకుండా 'మేరీ' అంటే జవాబు చెప్పనంది, దానికి ఆమెకి కోర్టు ధిక్కారం కింద శిక్ష వేశారు. సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. 'గారు' అనే రెండక్షరాల కోసం ఎంత రక్తం మరుగుతుందో తెలిసినవాళ్ళం మనం, మనకి ఇది అర్థమవుతుంది.

హేమర్ ఒక్క అలంకారం వాడదు. 1962 ఆగస్టు 31న ఓటరుగా నమోదు కావడానికి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి భూస్వామి వచ్చి అర్జీ వెనక్కి తీసుకో, లేకపోతే చేను వదిలిపో అన్నాడు. నేనన్నాను, అయ్యా, నేను నమోదుకి వెళ్ళింది మీ కోసం కాదు, నా కోసం. ఆ రాత్రే 18 ఏళ్ళు పనిచేసిన చోటు వదిలేశాను. తర్వాత 1963 జూన్‌లో వినోనా జైల్లో తనని ఎలా కొట్టించారో, ఎవరి చేత కొట్టించారో చెబుతుంది. చివర్లో ఒకే ప్రశ్న: స్వేచ్ఛాజీవుల దేశం, ధైర్యవంతుల ఇల్లు అని పాడుకునే అమెరికా ఇదేనా? రోజూ చంపేస్తామనే బెదిరింపులతో ఫోను ఎత్తి పక్కన పెట్టుకుని నిద్రపోవాల్సిన దేశమేనా? ఆ మాటలు జాతీయగీతంలోవి. మళ్ళీ వాళ్ళ సంతకాన్నే వాళ్ళ ముందు పెట్టింది, కాకపోతే న్యాయశాస్త్రం చదవకుండా.

ఉపన్యాసానికి శక్తి లేదనేవాళ్ళకి నా దగ్గరున్న పెద్ద సాక్ష్యం ఆ రోజు అధ్యక్షుడు జాన్సన్ చేసిన పని. ఆమె మాట్లాడుతుండగా టీవీ కెమెరాలు మళ్ళించడానికి అప్పటికప్పుడు ప్రెస్‌మీట్ పెట్టాడు! అమెరికా అధ్యక్షుడు ఒక పత్తికూలీ ఎనిమిది నిమిషాలకి భయపడ్డాడు. కెమెరాలు మళ్ళాయి గానీ రాత్రి వార్తల్లో చానెళ్ళు ఆమె మాటలు మళ్ళీ వేశాయి. అప్పుడు ఇంకా ఎక్కువ మంది చూశారు. మరి ఆమె గెలిచిందా అంటే, ఆ మహాసభలో గెలవలేదు. రెండు సీట్లు ఇస్తామన్నారు. రెండు సీట్ల కోసం ఇంత దూరం రాలేదని వద్దంది. 1968 మహాసభకి మాత్రం ఆమె అధికారిక ప్రతినిధిగా వెళ్ళింది.

ఆ జాన్సనే ఏడు నెలలు తిరక్కుండా ఇంకో మెట్టు ఎక్కాడు. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మా ఊరి వంతెన మీద ఓటు హక్కు కోసం నడుస్తున్నవాళ్ళని పోలీసులు చావబాదారు. మార్చి 15 రాత్రి కాంగ్రెసు ఉభయసభల ముందు జాన్సన్ మాట్లాడుతూ, ఇది నల్లవాళ్ళ ఒక్కళ్ళ సమస్య కాదు, ఈ ద్వేషం, అన్యాయం అనే అవిటితనాన్ని దాటాల్సింది మన అందరం అని, ఒక క్షణం ఆగి, ఉద్యమం రోజూ పాడుకునే పాట పల్లవిని పలికాడు. మన బళ్ళలో "హమ్ హోంగే కామ్‌యాబ్" అని పాడించేవారే, దాని ఇంగ్లీషు మూలం. అంతవరకు ఆ పల్లవిలోని 'వి' తెలుగులో చెప్పాలంటే 'మేము'. దెబ్బలు తినేవాళ్ళ 'మేము'. టెక్సాస్ నుంచి వచ్చిన తెల్ల అధ్యక్షుడి నోట అది 'మనం' అయిపోయింది. సెల్మాలో టీవీ చూస్తున్న కింగ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయని పక్కనున్నవాళ్ళు చెప్పారు. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. హేమర్ రాష్ట్రం మిసిసిపీలో ఆ చట్టానికి ముందు నల్లవాళ్ళలో ఏడు శాతం మందికి కూడా ఓటు లేదు, 1967కల్లా దాదాపు 60 శాతం మందికి వచ్చింది. ఇక్కడ ఎవరు ఎవరిని ఒప్పించారు? వంతెన మీద నడిచినవాళ్ళు అధ్యక్షుణ్ణి. అధ్యక్షుడు సభని. మీ తమ్ముడు, మీ అమ్మాయి ఇద్దరూ ఇక్కడ కలుస్తారు.

ఇదే గాలిలో, అదే ఏడాది అక్టోబరు 3న, వలసల చట్టం కూడా మారింది. అంతకు ముందు పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు ఉండేవి. మన దేశానికి ఏడాదికి వందే. ఆ కోటాలు పోకపోతే డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఇన్ని తెలుగు సంఘాలు ఉండేవి కావు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఈ ఉపన్యాసాలని వేరేవాళ్ళ చరిత్రగా బట్టీ పట్టడం చూస్తే నాకు కాస్త చిరాకు.

ఇంకో సంగతి. ఉపన్యాసాలు ఇచ్చినవాళ్ళని కూడా ఉపన్యాసమే మార్చింది. 1950లో కింగ్ ఇరవయ్యొకటేళ్ళ విద్యార్థి. ఫిలడెల్ఫియాలో హోవార్డ్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు మోర్డెకాయ్ జాన్సన్ మన దేశం వెళ్ళొచ్చి గాంధీ గురించి ఇచ్చిన ఉపన్యాసం విన్నాడు. బయటికొచ్చి గాంధీ మీద అరడజను పుస్తకాలు కొనుక్కున్నాడు. 1959లో తానే మన దేశానికి వచ్చాడు. కేరళలో ఒక బడికి వెళ్తే, అంటరానివాళ్ళుగా పిలవబడే కుటుంబాల పిల్లలు చదివే బడి అది, ప్రిన్సిపాల్ ఆయన్ని పిల్లలకి "అమెరికా నుంచి వచ్చిన మన తోటి అంటరానివాడు" అని పరిచయం చేశాడట. మొదట ఉలిక్కిపడ్డాను, కోపం కూడా వచ్చింది, తర్వాత ఆలోచిస్తే అవును, నేను అంటరానివాణ్ణే, అమెరికాలో ప్రతి నల్లవాడూ అంటరానివాడే అనిపించింది అని 1965 జులై 4న అట్లాంటాలో తన చర్చిలో చెప్పుకున్నాడు. ఎన్ని వేలమందిని 'మనం' అనిపించినవాడిని ఒక బడిపంతులు ఒక్క మాటతో తన 'మనం'లోకి లాగేశాడు.

ఆ కాలంలోనే ఇంకో నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ గురించి ఎక్కువ రాయను. 1964 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్‌లో "బ్యాలటా, బుల్లెట్టా" అని అడిగిన ఆయన దారి వేరు. తెల్లవాళ్ళ సంతకం మీద ఆయనకి నమ్మకం లేదు, కాబట్టి తనవాళ్ళతోనే మాట్లాడాడు. నేను అమెరికన్నే కాను, అమెరికా బాధితుణ్ణి అన్నాడు. డగ్లస్ 'మీ' దగ్గర ఆగిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పోటీలో ఆయన్ని విలన్‌గా చూపించొద్దని మాత్రం చెప్పండి.

దక్షిణాఫ్రికా ముచ్చట ఒకటి చెప్పకపోతే మనసు ఊరుకోదు. 1964 ఏప్రిల్ 20న ప్రిటోరియా కోర్టులో నెల్సన్ మండేలా బోనులో నిలబడి దాదాపు మూడు గంటలు చదివాడు. విధ్వంసక చర్యలకి పథకం వేశానని ఒప్పుకున్నాడు. అంటే జడ్జీని ఒప్పించి బయటపడే ఆలోచనే లేదు. స్వేచ్ఛా ప్రజాస్వామ్య సమాజమనే ఆదర్శం కోసం చావడానికి సిద్ధంగా ఉన్నానని చివరి మాట. ఉరి వేయమని జడ్జీని అడిగినట్టు అవుతుందని లాయర్లు గోల పెట్టారు. తీసేయనన్నాడు, కానీ ఒక్క పదం చేర్చడానికి ఒప్పుకున్నాడు: "అవసరమైతే". అవసరమైతే చావడానికి సిద్ధం. ప్రాణం మీదికొచ్చిన వేళ ఒక్క పదం కోసం కూర్చుని చర్చించుకున్నారు చూడండి. జూన్ 12న యావజ్జీవం పడింది. 1990 ఫిబ్రవరి 11న విడుదలైన సాయంత్రం కేప్‌టౌన్ సిటీహాలు బాల్కనీ నుంచి మండేలా ఆ పాత వాక్యాలనే మళ్ళీ చదివాడు, కళ్ళజోడు మరిచిపోయి భార్య కళ్ళజోడు పెట్టుకుని.

మీ అమ్మాయికి ఒక జాగ్రత్త. నల్లజాతి వక్త సోజర్నర్ ట్రూత్ 1851లో ఒహాయో రాష్ట్రంలో అన్నదని "నేను ఆడదాన్ని కాదా?" అనే పల్లవి నెట్‌లో ప్రతిచోటా దొరుకుతుంది. ఆ సభ అయిన నెలలోపే అచ్చయిన నివేదికలో ఆ పల్లవి లేదు. పన్నెండేళ్ళ తర్వాత ఇంకొకావిడ రాసిన ప్రతిలో వచ్చింది, అదీ దక్షిణాది బానిసల యాసలో. ట్రూత్ పుట్టి పెరిగింది న్యూయార్క్ రాష్ట్రంలో, చిన్నప్పటి భాష డచ్చి. గొప్ప మనిషి మాటని ఇంకొకరు దిద్ది గొప్ప చేయబోతే ఆ మనిషి గొంతే పోతుంది. పోటీలో జడ్జీ ఎవరైనా తెలిసినవాడైతే అక్కడే పట్టుకుంటాడు.

ఇక అభ్యాసం. హోల్ట్ స్ట్రీట్, వాషింగ్టన్, అట్లాంటిక్ సిటీ మూడింటి రికార్డింగులూ ఉన్నాయి. చదవడం కాదు, వినమనండి. తర్వాత వాషింగ్టన్ పాఠం ముందు పెట్టుకుని 'వి' వచ్చిన ప్రతిచోటా పెన్సిలుతో 'మే' అనో 'మ' అనో గుర్తు పెట్టమనండి. చెక్కు దగ్గర మేము, తేలిక. దేవుడి బిడ్డలందరూ చేతులు కలిపే చివరి పేరాలో మనం, అదీ తేలికే. మధ్యలో, మనుషులందరూ సమానంగా పుట్టారన్నది స్వయంసిద్ధ సత్యమని నమ్ముతున్నామనే 1776 నాటి వాక్యాన్ని కింగ్ ఎత్తి చెప్పే చోట కాసేపు ఆగుతుంది. ఆ వాక్యం రాసిన జెఫర్సన్ కింద వందల మంది బానిసలు ఉండేవారు. ఆయన కలం నుంచి వచ్చినప్పుడు అది 'మేము'. రెండున్నర లక్షల మంది ముందు కింగ్ నోటి నుంచి వచ్చినప్పుడు ఏమిటి? నా క్లాసులో ప్రతి ఏడాదీ బెంచీలు రెండుగా చీలిపోయేవి.